బకాయిపడ్డ దండయాత్ర

మెర్జాన్ తీరానికి చరిత్ర లేదన్న సంగతి, సుల్తాను గారి తాకీదు వచ్చేదాకా అక్కడివాళ్లెవరికీ తెలియదు.

అప్పటిదాకా తమకు అన్నీ ఉన్నాయనే అనుకున్నారు పాపం. సముద్రం ఉంది. సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకొచ్చిన కొండకొమ్ము ఉంది. ఆ కొమ్ము మీద కోట, కోట లోపలే ఊరు. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క పొడుగాటి రాతిగోడ, ఆ గోడకు ఒకే ఒక్క ద్వారం. ద్వారం దాటితే ఉప్పుమళ్లు, ఉప్పుమళ్లు దాటితే ముళ్లకొండలు, అవీ దాటితే పొరుగు పరగణా కరాతాష్. తురుష్క సుల్తానుల సామ్రాజ్యం అంత పెద్దది కదా, దాని పటంలో మెర్జాన్ పరగణాను చూపించాలంటే వేలు పెడితే లాభం లేదు, వేలి కిందే మాయమైపోతుంది. సూది పెట్టి చూపించాలి.

ఆ కాలంలో రాజధానికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు పంజరాల పిచ్చి, ఇంకో ఏడు గడియారాల పిచ్చి. గడియారాల ఏడు మెర్జాన్‌కు కూడా ఒక గడియార స్తంభం వచ్చింది. ఉప్పుగాలికి తుప్పుపట్టి వారం తిరక్కుండానే ఆగిపోయింది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు, ఎవరూ దానివంక చూసి ఉంటే కదా! ఆ తర్వాత పట్టిన పిచ్చి చరిత్ర పిచ్చి. ఇది మాత్రం నష్టం కలిగించే రకం.

తాకీదులో ఇలా ఉంది: "ఇందుమూలముగా సమస్త తీర పరగణాల పాలకులకు ఆజ్ఞాపించడమేమనగా, ప్రతి పరగణాయును తన ఘనచరిత్రను ఆవిర్భావము, విజయము, వీరులు, శిథిలములు అను నాలుగు అధ్యాయములుగా వ్రాయించి పంపవలెను. చరిత్ర లేని పరగణాలు, చరిత్ర గల పొరుగు పరగణాలలో విలీనము చేయబడును."

మెర్జాన్‌ను ఏలే హష్మెత్ పాషా ఆ చివరి ముక్క చదివి మీసం వదిలేశాడు. మామూలుగా ఆయన చెయ్యి మీసాన్ని వదలదు. కరాతాష్‌ను ఏలే పాషా ఆయనకు స్వయానా తోడల్లుడు. పండగకు అత్తారింటికి వెళితే ఆ తోడల్లుడు పెద్ద తలగడ తను లాక్కుని, చిన్న తలగడ ఈయనకు తోసే రకం. అలాంటివాడి కింద కొలువు చేయడం కన్నా, హష్మెత్ పాషాకు సముద్రంలో దూకడం నయంగా తోచింది. దూకితే చొక్కా తడుస్తుంది కాబట్టి, ఆ పని మానేసి నజ్మీ ఎఫెండిని పిలిపించాడు.

చదువుకున్న పెద్దమనుషులను అక్కడ ఎఫెండి అంటారు. నజ్మీ ఎఫెండి రాజధానిలో చదువుకుని వచ్చిన చరిత్రాధికారి. సన్నగా, పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని, మాట్లాడితే కాగితం చదువుతున్నట్టు ఉండే మనిషి. పాషా ఆజ్ఞ కావడంతో మర్నాడు పొద్దున్నే పెన్సిలు చెవి వెనక దోపుకుని, చరిత్రను వెతుక్కుంటూ నేరుగా గుల్జమాల్ బట్టీ దగ్గరికి వచ్చాడు. ఊరంతా ఒక్కచోట దొరికేది అక్కడే మరి.

గుల్జమాల్‌ది రొట్టెల బట్టీ. కోటద్వారం పక్కనే, గోడకు ఆనుకుని, మట్టితో కట్టిన గుమ్మటంలాగా ఉంటుంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఒక్కతే నడుపుకొస్తోంది. ఊళ్లో ఆడవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు పిండి పిసికి, ముద్దలు చేసి, పొడుగాటి పలక మీద పేర్చి, నెత్తిన పెట్టుకుని తెల్లవారేసరికి అక్కడికి చేరతారు. ఎవరి ముద్ద మీద వాళ్ల గుర్తు. ఒకరిది బొటనవేలి నొక్కు, ఒకరిది దువ్వెన గీత, ఇంకొకరిది తాళంచెవి అచ్చు. కాల్చిపెట్టినందుకు గుల్జమాల్ పలకకో రొట్టె ఉంచుకుంటుంది. ఆ కూలి రొట్టెల్లోంచే పాషా గారి కచేరీకీ, సిపాయిల ఠాణాకూ, ఆఖరికి పాషా గారి భోజనాల బల్లకూ పోతాయి. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పాషా గారైతే రొట్టెలు ఖజానాలోంచి వస్తాయనే అనుకునేవారు.

"ఓ ప్రజలారా! ఈ పరగణాలో పూర్వము ఏమేమి జరిగినవో విన్నవింపుడు," అన్నాడు నజ్మీ ఎఫెండి.

ఆడవాళ్లు నెత్తిన పలకలు దించి దగ్గరికి జరిగారు.

"ఏం జరిగిందని చెప్పమంటారు ఎఫెండి గారూ? బోలెడు జరిగాయి," అంది గుల్జమాల్, చెక్క తెడ్డుతో రొట్టెలు లోపలికి తోస్తూ. "మా అత్త కాపరానికొచ్చిన ఏడు, రెండు పెళ్లిపడవలు పొగమంచులో ఎదురుపడి పెళ్లికూతుళ్లు తారుమారైపోయారు. అటుదిటు, ఇటుదటు. తెల్లారాక తెలిసింది. తెలిశాక చూస్తే మారతామన్నవాళ్లు ఒక్కళ్లూ లేరు."

"అది చరిత్ర కాదు."

పడవలు బాగుచేసే యోర్గో తాత గోడవారన కూర్చుని రొట్టె కోసం చూస్తున్నాడు. "మా తాత రోజుల్లో ఒక ఆక్టోపస్సు స్నానాల ఇంట్లో దూరింది ఎఫెండీ," అన్నాడు. "వేడినీళ్ల రుచి మరిగి, సముద్రంలోకి పొమ్మంటే పోనని మొండికేసింది. చివరికి దాన్ని మగవాళ్ల వేళకొకసారి, ఆడవాళ్ల వేళకొకసారి గది మార్చేవాళ్లంట."

"అదియును చరిత్ర కాదు."

"మరి చరిత్రంటే ఏంటి నాయనా?" అంది గుల్జమాల్.

"చరిత్రయనగా యుద్ధము. ఎంత లేదన్నను ఒక వందమంది మరణించి ఉండవలెను."

"అయ్యో! వాళ్లేం చేశారని?"

"వారు ఏమియు చేయనక్కరలేదు. మరణించిన చాలును."

గుల్జమాల్ కాసేపు నిజంగానే ఆలోచించింది. "లేదు నాయనా. మా ఊళ్లో అందరూ ఒక్కసారిగా పోలేదు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పోయారు."

ఎఫెండి పెన్సిలు మళ్లీ చెవి వెనక దోపుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కచేరీలో పెద్ద సభ. నజ్మీ ఎఫెండి తేల్చిందేమిటంటే, సామ్రాజ్యం మెర్జాన్‌ను ఎప్పుడూ జయించలేదు. చుట్టుపక్కల పరగణాలన్నీ కత్తితో గెలిచినవే. మెర్జాన్ మాత్రం ఎప్పుడో, ఎవరూ చూడకుండా, సభలోకి ఆలస్యంగా వచ్చినవాడు వెనక బల్ల మీద కూర్చున్నట్టు సామ్రాజ్యంలో కూర్చుండిపోయింది.

"అయితే మనల్ని జయించనే లేదన్నమాట!" అన్నాడు పాషా, నీరసంగా.

"లేదనుట అవిధేయత అగును పాషా వారూ," అన్నాడు ఎఫెండి. "జయించుట ఉన్నది. అమలు జరుగలేదని మాత్రమే నా మనవి. నాలుగు వందల సంవత్సరముల క్రితము పూర్తి కావలసిన దండయాత్ర, పూర్వాధికారుల అలసత్వము చేత బకాయి పడినది. ఆ బకాయిని మనము ఇప్పుడు పూర్తిచేసి, పూర్వపు తేదీ నుండి వర్తింపజేయవచ్చును."

పాషా చెయ్యి మెల్లగా మీసం మీదికి తిరిగి వచ్చింది. "నా హయాంలో బకాయిలుండటం నాకు గిట్టదు," అన్నాడు.

ఇక ఎఫెండి ఆగలేదు. సేన కోట బయట విడిది చేస్తుంది. శత్రువులు కోట లోపల ఉంటారు. ముట్టడి సాగుతుంది. చివరికి ఫిరంగితో గోడకు చిల్లు పెట్టి సేన లోపల అడుగుపెడుతుంది. అది రెండో అధ్యాయం, విజయము. ఆ చిల్లును అలాగే వదిలేస్తే అది నాలుగో అధ్యాయం, శిథిలములు. ఒక్క చిల్లుతో రెండు అధ్యాయాలు! సభలో ఉన్నవాళ్లంతా ఆ పొదుపరితనానికి తలలూపారు.

చిల్లు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చూసిపెట్టాడు.

ఆ సాయంత్రం గుల్జమాల్ బూడిద పారబోయడానికి ద్వారం బయటికి వచ్చేసరికి, ఆమె మరిది బెక్తాష్ గోడ మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు గీస్తున్నాడు. బెక్తాష్ ఠాణాకు దఫేదారు. మనిషి కొండంత, పిరికితనం అంతకు రెండింతలు.

"ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదు వదినా. సర్కారు పని."

"ఆ గోడ వెనకాల ఏముందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు బెక్తాష్, కుంచెను వీపు వెనక్కి దాచుకుంటూ. "నీ బట్టీ. ఫిరంగి ఇక్కడే కొడతారంట. నేను వద్దనే అన్నాను వదినా, మనసులో."

గుల్జమాల్ బూడిద తట్ట అక్కడే వదిలేసి, పిండి చేతులతోనే కచేరీకి వెళ్లింది.

"పాషా వారూ, ఆ గోడకు ఆనుకుని నా బట్టీ ఉంది."

"నీవు ధన్యురాలవు ఖానుమ్," అన్నాడు పాషా. పెద్దింటి ఆడవాళ్లను పిలిచినట్టు పిలిస్తే సంతోషిస్తుందని ఆయన ఉద్దేశం. "నీ బట్టీ చరిత్రలో కలియుచున్నది."

"కలిసిపోవడానికి అదేమన్నా ఉప్పా? మా అత్త మేకవెంట్రుకలూ మట్టీ కలిపి చేత్తో మెత్తిన బట్టీ అది. ఊరికంతటికీ అదొక్కటే. ఇంకోటి కట్టుకోవచ్చు, కాదనను. దానికి వేడి కుదురుకోవాలంటే ఓ చలికాలం గడవాలి. అందాకా జనం ఏం తింటారు?"

"జయింపబడిన ప్రజలు ఆకలితో ఉండుట ఆనవాయితీ," అన్నాడు నజ్మీ ఎఫెండి.

"పోనీ ఆ చిల్లేదో ఆ చివర పెట్టుకోండి. అటు ఎవరూ లేరు."

"అటు ముళ్లపొదలున్నవి. సందర్శకుల పైజమాలు చిరుగును."

"ఎవరా సందర్శకులు?"

"భవిష్యత్తులో వచ్చెదరు."

ఇంకా పుట్టని మనుషుల పైజమాల కోసం తన బట్టీ పోతోందని అర్థమయ్యాక గుల్జమాల్‌కు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "ఆ గోడను కాపాడుకునే దారే లేదా మీ చట్టంలో?"

నజ్మీ ఎఫెండి నిజాయితీపరుడు. అడిగితే చట్టం దాచేవాడు కాదు. "గోడను కాపాడు హక్కు శత్రువులకు మాత్రమే కలదు," అన్నాడు.

"ఆ శత్రువులెవరు?"

"ఆ కొలువులు ఇంకను భర్తీ కాలేదు. ఓడిపోవలసిన పని గావున ఎవరును ముందుకు రాలేదు."

"అయితే నన్ను రాసుకోండి."

పాషా నవ్వాడు. ఎఫెండి నవ్వలేదు, రాసుకున్నాడు. మర్నాడు పొద్దున బట్టీ దగ్గర ఈ కబురు తెలిసేసరికి యోర్గో తాత కర్ర పట్టుకుని లేచాడు. "బట్టీ పోతే నా చేప ముక్కకు తోడేది? నన్నూ రాయమను." పలకలు మోసుకొచ్చిన ఆడవాళ్లంతా పలకలతోనే కచేరీకి బయల్దేరారు. వాళ్ల వెనక వాళ్ల మొగుళ్లు బయల్దేరారు, ఇంట్లో తిండి పెట్టేవాళ్లు లేక. సాయంత్రానికి ఊరు ఊరంతా శత్రువైపోయింది.

"ఇంతమంది నాకు శత్రువులా?" అన్నాడు పాషా, కిటికీలోంచి ఆ వరసను చూసి కొంచెం నొచ్చుకుంటూ.

"శత్రువులు అధికమైన కొలది విజయము ఘనమగును," అని ధైర్యం చెప్పాడు ఎఫెండి. "కరాతాష్‌ను జయించినప్పుడు ఇందులో సగము మంది కూడ లేరు."

ఆ ఒక్క మాటతో పాషా నొప్పి తగ్గిపోయింది.

ముట్టడి రోజు రానే వచ్చింది. పాషా, ఎఫెండి, బెక్తాష్, అతని సిపాయిలు, కచేరీ గుమాస్తాలు, ఒక వంటవాడు, అందరూ ఊరేగింపుగా కోట బయటికి నడిచారు. ఉప్పుమళ్ల ఒడ్డున డేరాలు లేచాయి. ఉపవాస మాసంలో సాయంత్రాలు మోగించే పాత ఫిరంగిని లాక్కొచ్చి సున్నం గుర్తుకు ఎదురుగా నిలబెట్టారు. దానికి మందుగుండు రాజధాని నుంచి ఓడలో రావలసి ఉంది. నజ్మీ ఎఫెండి ఒక రాయెక్కి ముట్టడి నియమావళి చదివాడు: "ద్వారము మూసిన క్షణము నుండి, లోపలి నుండి బయటికి గాని, బయటి నుండి లోపలికి గాని చీమ సైతము పోరాదు. పట్టుబడిన బందీలకు మాత్రమే మినహాయింపు."

తీరా చూస్తే ద్వారం మూతపడటం లేదు. అది మూయక ఎన్నేళ్లయిందో! బందులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. శత్రువులు లోపలినుంచి లాగుతుంటే దండెత్తి వచ్చినవాళ్లు బయటినుంచి భుజాలిచ్చి తోశారు. మూతపడగానే ఇటువాళ్లూ అటువాళ్లూ కూడా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నమైంది. డేరాలో తివాచీ పరిచారు. పులుసు వచ్చింది. ఆలివుకాయలు వచ్చాయి. పాషా చెయ్యి చాపాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"రొట్టెలేవి?"

వంటవాడు పాషాను చూశాడు, గోడను చూశాడు. "లోపల ఉన్నాయండి."

"ఖజానా నుంచి తెప్పించు."

"ఖజానాలో రొట్టెలుండవు పాషా వారూ."

"మరి ఇన్నేళ్లూ ఎక్కడినుంచి వచ్చాయి?"

గోడ మీదుగా గుల్జమాల్ బట్టీ పొగ తీరిగ్గా లేచి, గాలివాటానికి తిరిగి, నేరుగా డేరాలోకే వచ్చింది.

బెక్తాష్ ఇక ఆగలేక గోడ కిందికి పరిగెత్తాడు. "వదినా! ఓ వదినా!"

గోడ మీద గుల్జమాల్ తల కనిపించింది. "ఎవరది?"

"నేనే, బెక్తాష్‌ని. ఒక్క రొట్టె విసురు వదినా."

"చీమ కూడా బయటికి పోకూడదంట కదరా. రొట్టె చీమ కన్నా పెద్దది."

"నేను నీ మరిదిని!"

"మరిదివే. గోడకు సున్నం పూసేటప్పుడు ఏమైపోయింది ఆ వరస?"

"మనసులో వద్దన్నానని చెప్పాగా!"

"నేనూ మనసులో పెడతాను రొట్టె. తినిపో."

లోపలివాళ్లు నవ్వారు. బయటి సిపాయిలు కూడా నవ్వబోయి, ఆకలి గుర్తొచ్చి మానుకున్నారు.

అందరి ఆశా మందుగుండు మీదే. అది వస్తే ఒక్క దెబ్బ, గోడకు చిల్లు, ముట్టడి పూర్తి. ఓడ వచ్చింది కూడా. వచ్చి ఎక్కడ ఆగుతుంది? రేవులో ఆగుతుంది. రేవు ఎక్కడుంది? కోట లోపలుంది. సముద్రం వైపు ముట్టడి వేయమని నియమావళిలో లేకపోవడంతో ఎవరూ వేయలేదు. పాషా గారి పేర వచ్చిన మందుగుండు పీపాలు శత్రువుల రేవులో దిగాయి. ఎఫెండి గోడ కిందికి వచ్చి, అవి తమవని అరిచాడు.

"మీవే, కాదన్నదెవరు?" అంది గుల్జమాల్. "బయటికి పంపడానికే వీల్లేదు. నియమం తప్పితే చరిత్ర మైలపడిపోదూ?"

ఎఫెండి జేబులోంచి నియమావళి తీసి మళ్లీ చదువుకున్నాడు. నియమం ఆయనదే. బట్టీ ఉన్న ఊళ్లో మందుగుండు ఉంచుకోవడం ఎందుకని, యోర్గో తాత పీపాలన్నీ పడవలో వేసుకెళ్లి లోతు నీళ్లలో బోర్లించి వచ్చాడు. చేపలు తుమ్మాయని వచ్చి చెప్పాడు. ఆయన మాటలు అలాగే ఉంటాయి.

డేరాల్లో ఆకలి ముదిరింది. ముళ్లకొండల మీద పిచ్చికాయలు ఏరి తిన్నారు. మొదటిరోజు బాగానే ఉన్నాయి, రెండోరోజు సేనంతా పొదల వెనకే గడిపింది. కరాతాష్ నుంచి రొట్టెలు తెప్పిద్దామని ఒక గుమాస్తా అన్నాడు.

"తోడల్లుడి రొట్టె తిని మెర్జాన్‌ను జయించాడని చరిత్రలో పడాలా?" అని పాషా గర్జించాడు. గర్జించడానికి కూడా ఓపిక చాలక మధ్యలో కూర్చున్నాడు.

ఇటు లోపల అంతా పండగలా ఉందనుకోవద్దు. పిండికి లోటు లేదు, కొండకొమ్ము మీద పిండి విసిరే గాలిమర ఉంది. చేపలకూ లోటు లేదు. కట్టెలు లేవు. బట్టీ తినేది ముళ్లకంప, ఆ కంప మొలిచేది గోడ బయట. ఉన్న మోపులు రోజురోజుకూ తరిగిపోయాయి. గుల్జమాల్ విరిగిన బల్లలు వేసింది, పాత పీపాలు వేసింది, ఆగిపోయిన గడియారం వెనకాల ఉన్న చెక్క తలుపు కూడా ఊడబీకించి వేసింది. ఒకనాటి పొద్దున లోపలికి చెయ్యి పెట్టి చూస్తే మట్టి గోరువెచ్చగా తగిలింది. మొగుడి ఒంటికి జ్వరం తగ్గుతోందనుకుని చివరిసారి చెయ్యి వేసి చూసిన రోజున ఆమె అరచేతికి తెలిసిన చల్లదనం అలాంటిదే. తెడ్డు పట్టుకుని ఊరికే నిలబడింది.

"నా పాత పడవ ఉంది, కొట్టి వెయ్యి," అన్నాడు యోర్గో తాత.

"అది వేస్తే నువ్వేం చేస్తావు తాతా?"

"ఒడ్డున కూర్చుని నిన్ను తిడతాను. ఎలాగూ రోజూ చేసే పనేగా."

తాత పడవ వైపు లేచాడు. ఆ సమయానికి ద్వారానికున్న చిన్న దిడ్డి తలుపు ఎవరో గోకారు. గుల్జమాల్ సందులోంచి చూసింది. ఒక సిపాయి. నెత్తిన పెద్ద ముళ్లకంప మోపు.

"అక్కా, నన్ను పట్టుకో," అన్నాడు గుసగుసగా.

"ఏంటీ?"

"బందీలకు మినహాయింపు ఉంది కదా. నన్ను పట్టుకుంటే లోపలికి రావచ్చు. ఒట్టి చేతుల్తో రావడం బాగుండదని కంప తెచ్చాను."

గుల్జమాల్ అతన్ని చెయ్యి పట్టి లోపలికి లాగింది. మోపు ముందు, సిపాయి వెనక. బట్టీ భగ్గుమంది. అతనికి మొదటి రొట్టె ఇస్తే కాలిన వేళ్లు ఊదుకోవడం కూడా మరిచిపోయి తిన్నాడు.

ఒక సిపాయి తక్కువైనట్టు బెక్తాష్ చెప్పగానే పాషా హడలిపోయాడు. "పారిపోయాడా!"

"శత్రువు చేత చిక్కినాడు," అని దిద్దాడు నజ్మీ ఎఫెండి. ఆయన కళ్లజోడు మెరిసింది. "మూడవ అధ్యాయమునకు వీరులు లేక విచారించుచుంటిమి కదా! ఇతడే మన మొదటి వీరుడు."

ఆ మాట డేరాల్లో పాకింది. మర్నాటినుంచి వీరులు వరస కట్టారు. తలా ఒక మోపు నెత్తిన పెట్టుకుని, దిడ్డి తలుపు గోకి, చేతులు ముందుకు చాపి పట్టుబడ్డారు. ఎఫెండి డేరాలో కూర్చుని ఒక్కొక్కరి పరాక్రమం రాస్తూ పోయాడు. గుమాస్తాలు కూడా వీరులయ్యారు. వంటవాడు తన గరిటతో సహా వీరుడయ్యాడు. ఆఖరికి బెక్తాష్ వచ్చి పాషా ఎదుట చేతులు కట్టుకున్నాడు.

"పాషా వారూ, తమరు సెలవిప్పిస్తే నేనూ వీరుణ్ణైపోతాను."

"నువ్వు కూడానా దఫేదారూ?"

"వదిన కదండీ. ఆలస్యమైతే మళ్లీ మాటంటుంది."

అతను తెచ్చిన మోపు అందరికన్నా పెద్దది. గుల్జమాల్ దాన్ని చూసి, అతన్ని చూసి, ఏమీ అనకుండా రొట్టె ఇచ్చింది. తిట్టలేదేమిటా అని బెక్తాష్ రెండు ముద్దలు మింగేదాకా భయపడుతూనే ఉన్నాడు.

ఇక కోట బయట మిగిలింది సామ్రాజ్యపు మహాసేనలో ఇద్దరు, పాషా ఒకడు, ఎఫెండి ఒకడు. అన్ని డేరాలు, ఒక ఫిరంగి, వాళ్లిద్దరు. ఓ పొద్దున గోడ మీదుగా నువ్వులు చల్లిన రొట్టె వాసన దిగింది. పాషా లేచి తలపాగా సర్దుకుని, కత్తి కట్టుకుని, ద్వారం దాకా నడిచి, తలుపు కొట్టాడు. వెనకాలే జెండా మోసుకుంటూ ఎఫెండి.

"ఎవరది?" అంది గుల్జమాల్ లోపలినుంచి.

"విజేతను."

"విజేతలెవరూ ఇక్కడ ఉండరు. రొట్టెల వేళ, నాకు తీరిక లేదు. ఏం కావాలో చెప్పండి."

అవతల కత్తి ఒర ఒకసారి తలుపుకు తగిలింది. తర్వాత, ఎంతో చిన్న గొంతుతో, "రొట్టె," అని వినిపించింది.

"గోడ పడితే బట్టీ పడుతుంది పాషా వారూ. బట్టీ పడితే రొట్టె లేదు. రెండూ కావాలంటే కుదరదు. చిల్లు కావాలా, రొట్టె కావాలా?"

"ఈ విషయమై రాజధాని వారి అభిప్రాయము కోరుట సముచితమని..." అని మొదలుపెట్టాడు ఎఫెండి.

"నోరు మూసుకోవయ్యా," అన్నాడు పాషా. "రొట్టె, గుల్జమాల్. రొట్టే."

"అయితే ఆ సున్నం గుర్తు తుడిచి రండి."

పాషా గోడ దగ్గరికి వెళ్లాడు. తుడవడానికి ఏమీ లేక నడుముకున్న పట్టు దట్టీ విప్పాడు. ఉప్పుమడిలో ముంచి, గుర్తు మీద రుద్దాడు. సున్నం మొండికేసింది. ఎఫెండి జెండాను గోడకు ఆనించి, తనూ చొక్కా చెయ్యి మడిచి రుద్దడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ, రాయి అసలు రంగు బయటపడేదాకా రుద్దారు. గుల్జమాల్ గోడ మీదినుంచి వంగి చూసి, "ఆ మూల ఇంకా ఉంది," అంది. ఆ మూల కూడా పోయాక దిడ్డి తలుపు తెరుచుకుంది.

పాషా తిన్నగా బట్టీ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు.

"మీ పిండేది?" అంది గుల్జమాల్.

"పిండా?"

"నేను కాలుస్తాను అంతే. పిండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. కూలి రొట్టెలంటారా, ఇవాళ్టివి మీ వీరులే తినేశారు. అదుగో, బస్తా అక్కడుంది, నీళ్లక్కడున్నాయి. పిసికాక వెళ్లి వరసలో నిలబడండి. ఆ కత్తి పక్కన పెట్టండి, పలకలకు తగుల్తోంది."

మెర్జాన్ పరగణా పాలకుడు మోచేతులదాకా పిండిలో మునిగాడు. పక్కనున్న ఆడవాళ్లు ఆపుకోలేక సలహాలిచ్చారు. నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు, తక్కువయ్యాయని ఒకరు. ముద్ద మీద ఏదో ఒక గుర్తు ఉండాలంటే, కాసేపు ఆలోచించి, ఎప్పుడూ కాగితాల మీద వేసే రాజముద్రను ముద్ద మీద అద్దాడు. పలక నెత్తిన పెట్టుకుని వరస చివర నిలబడ్డాడు. ఆయన వెనక నజ్మీ ఎఫెండి, ఒక చేత్తో పలక పట్టుకుని, ఎత్తిన మోకాలి మీద కాగితం పెట్టుకుని ఇంకో చేత్తో విజయపు అధ్యాయం రాస్తూ ఉన్నాడు. కాగితం నిండా పిండి.

"ఏమని రాశావు?" అన్నాడు పాషా, మెడ తిప్పకుండా. తిప్పితే పలక పడుతుంది.

"ఎట్టకేలకు పాషా వారు సింహద్వారము గుండా కోటలో ప్రవేశించిరి అని వ్రాసితిని. అది సత్యమే కదా."

"సత్యమే. గోడ?"

"గోడకు గీత సైతము పడనంతటి మహానైపుణ్యముతో జయించిరి అని వ్రాసితిని. శిథిలములకు తలుపూడిన గడియార స్తంభము ఉండనే ఉన్నది."

"బాగుంది. కరాతాష్‌లో ఇలాంటిది లేదు." పాషాకు చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది. "మరి శత్రువులు ఏమయ్యారని రాస్తున్నావు?"

నజ్మీ ఎఫెండి తలెత్తి చూశాడు. యోర్గో తాత, తాళంచెవి గుర్తు ముద్దల ఇల్లాలు, దువ్వెన గుర్తు ముద్దల ఇల్లాలు, గరిటతో వంటవాడు, రెండో రొట్టె కోసం మళ్లీ వచ్చి నిలబడ్డ బెక్తాష్.

"వరసలో మనకన్నా ముందున్నారు పాషా వారూ."

"ముచ్చట్లు చాలించి జరగండి, బట్టీ చల్లారిపోతోంది," అంది గుల్జమాల్.

పాషా ఒక అడుగు ముందుకు జరిగాడు.